మీగడ లాంటి నురగ

(మహిళల చదువు కేంద్రంలో ఒక వాలంటీరు టీచరమ్మ చేసిన ప్రసంగం)



ఈ రోజు నేను గడ్డం గురించి మాట్లాడతాను.

నవ్వుతున్నారా? నవ్వండి. "గడ్డం మగవాళ్లది కదా, మనకెందుకమ్మా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

కానీ ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మంచాన పడ్డ మామగారికి అన్నం తినిపించేది ఎవరు? మనమే. ఒళ్లు తుడిచేది ఎవరు? మనమే. మరి ఆయన గడ్డం పెరిగి, దురద పెట్టి, తిన్న మెతుకులు అందులో చిక్కుకుంటే చూడాల్సింది ఎవరు? అదీ మనమే. అంగడికి పోయి సబ్బు, క్రీము కొనేది కూడా చాలా ఇళ్లలో మనమే.

అందుకని ఈ మాటలు మీకే చెప్పాలి. మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. అందులో తప్పు నాదే. సిగ్గుపడకుండా చెప్తాను. మీరు ఆ తప్పు చేయకూడదు.

నాయన మంచాన పడ్డాడు

మా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మనం చెప్పేది అర్థమయ్యేది. తిరిగి చెప్పడానికి నోరు రాదు. ఎడమ చేయి ఎత్తి సైగ చేసేవాడు.

అంతకుముందు మా ఇంటికి ఒక తాత వచ్చేవాడు. క్షవరం చేయడంలో చాలా నేర్పరి. వారానికి రెండుసార్లు మా అరుగు మీద కూర్చుని నాయనకు గడ్డం చేసేవాడు. ఆయనకు కళ్లు మసక బారాయి. కొడుకు దగ్గర ఉండడానికి టౌనుకు వెళ్లిపోయాడు. ఊళ్లో ఇంకెవరూ ఇంటికి వచ్చి చేసేవాళ్లు లేరు.

నాయన గడ్డం పెరిగిపోయింది. ఎవరైనా చుట్టాలు వస్తే నాయన దుప్పటి గడ్డం దాకా లాక్కునేవాడు. అది చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"నువ్వు గీయవే" అంది అమ్మ నాతో.

నాకు బ్లేడంటే భయం. నాయన బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. చర్మం పలచబడి ముడతలు పడింది. ఎక్కడ తెగుతుందో అని నా చేయి వణికింది.

అప్పుడు నాకొక మాట గుర్తొచ్చింది. బ్లేడు అక్కర్లేకుండా వెంట్రుకలు తీసే క్రీము ఉంటుందని శిక్షణ కాలేజీలో స్నేహితురాళ్లు చెప్పారు. పూసి, కాసేపు ఉంచి, తుడిచేస్తే చాలట. టౌనుకు పోయి అడిగి కొన్నాను. పైసలు కూడా ఎక్కువే. "చదువుకున్న పిల్ల, ఎంత తెలివిగా తెచ్చిందో" అని అమ్మ మురిసిపోయింది.

ఆ రోజు నాయన ముఖానికి దట్టంగా పూశాను. ఏదో ఘాటు వాసన వచ్చింది. సెంటు అనుకున్నాను. నాయన ఎడమ చేయి ఎత్తాడు. "కాసేపు ఓర్చుకో నాయనా" అని ఆ చేయి పట్టుకున్నాను. ఆయన కళ్లలోనుంచి నీళ్లు కారాయి. "తన గతి తలచుకుని ఏడుస్తున్నాడు" అని అమ్మ కూడా ఏడ్చింది.

తుడిచి చూస్తే ముఖం ఎర్రగా కమిలిపోయింది. సాయంత్రానికి బొబ్బలు లేచాయి.

మంట అని చెప్పడానికి ఆయనకు నోరు లేదు. చెప్పడానికి ఎత్తిన చేయిని నేను పట్టుకున్నాను.

మరునాడు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు ట్యూబు తెమ్మన్నారు. వెనకవైపు చిన్న అక్షరాలు చూపించారు. "ముఖానికి వాడరాదు" అని ఇంగ్లీషులో రాసి ఉంది. అది కాళ్లకు, చేతులకు వాడేది. అందులో ఉండే మందు వెంట్రుకను కరిగిస్తుంది. ఎక్కువసేపు ఉంటే చర్మాన్ని కూడా కాలుస్తుంది. ముఖం మీది చర్మం మరీ సున్నితం.

నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. టీచర్ ట్రైనింగ్ పాసయ్యాను. అయినా చదవలేదు. అమ్మకు అప్పటికి చదువు రాదు. చదువు రాని అమ్మది తప్పు కాదు. వచ్చి కూడా చదవని నాది తప్పు.

పుండ్లు మానడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత కూడా తెల్లగా ఉండేది ఏది పట్టుకుని దగ్గరికి వెళ్లినా నాయన ముఖం తిప్పుకునేవాడు. పెరుగన్నం పట్టుకెళ్లినా అంతే.

తాత వచ్చాడు

ముఖం పూర్తిగా మానాక తాతకు కబురు పెట్టాం. పాపం, మనవడిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. నాయన పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు. తర్వాత అమ్మను పిలిచాడు.

"నేను ఎన్నాళ్లు రాగలను తల్లీ? నువ్వే నేర్చుకో. నేను చెప్తాను" అన్నాడు.

అమ్మ మొహమాటపడింది. "ఆడదాన్ని, నేను గడ్డం గీస్తే నలుగురూ ఏమంటారు?" అంది.

"పసిబిడ్డకు నీళ్లు పోస్తే ఎవరేమన్నారు? ఇదీ అంతే. ఇది చేతి విద్య. నేర్చుకున్న వాళ్లదే విద్య" అన్నాడు తాత.

నేను బ్లేడు తెచ్చి ముందు పెట్టాను. తాత దాన్ని పక్కకు నెట్టాడు. "ముందు నురగ. నురగ బాగుంటే సగం పని అయినట్టే. నురగ బాగాలేకపోతే ఎంత మంచి బ్లేడైనా కోస్తుంది" అన్నాడు.

ఆయన చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి, రెండూ కలిపి చెప్తాను. జాగ్రత్తగా వినండి.

నురగ ఎందుకు?

ఎండిన చీపురు పుల్ల గట్టిగా ఉంటుంది. నానబెడితే మెత్తబడి వంగుతుంది. వెంట్రుక కూడా అంతే. నీళ్లు పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు బ్లేడుకు తేలిగ్గా తెగుతుంది. పొడి గడ్డం గీస్తే బ్లేడు వెంట్రుకను లాగుతుంది. చర్మం కూడా తెగుతుంది.

నురగ మూడు పనులు చేస్తుంది.

ఒకటి, వెంట్రుక చుట్టూ తడి ఆరిపోకుండా ఉంచుతుంది.

రెండు, బ్లేడుకు, చర్మానికి మధ్య జారుడుగా ఉంటుంది.

మూడు, ఎక్కడ గీశామో, ఎక్కడ మిగిలిందో చూపిస్తుంది.

ఈ మూడు పనులూ చేయాలంటే నురగ చిక్కగా ఉండాలి. తడిగా కూడా ఉండాలి. చిక్కగా ఉండి పొడిగా ఉంటే పనికిరాదు. తడిగా ఉండి పలచగా ఉన్నా పనికిరాదు.

బట్టలు ఉతికేటప్పుడు బకెట్లో నురగ చూశారు కదా. పెద్ద పెద్ద బుడగలు. చూడటానికి బోలెడు. చేత్తో పట్టుకుంటే టప్పున పగిలిపోతాయి. లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. అలాంటి నురగ గడ్డానికి వద్దు. చిలికిన మీగడ చూశారా? బుడగ కంటికి కనబడదు. మెరుస్తూ ఉంటుంది. వేలితో తీస్తే వేలికే నిలుస్తుంది. అలాంటి నురగ కావాలి.

ఎన్ని రకాలు ఉన్నాయి?

అంగట్లో ఐదు రకాలు దొరుకుతాయి.

మొదటిది, గడ్డం సబ్బు. బిళ్లలా గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. తడి బ్రష్షుతో దాని మీద రుద్ది నురగ తీయాలి. చాలా రోజులు వస్తుంది. ఖర్చు తక్కువ. కానీ నీళ్లు ఎంత కలపాలో చేతికి అలవాటు కావాలి.

రెండోది, ట్యూబులో వచ్చే క్రీము. ఇది కూడా సబ్బు జాతే. సోడాతో చేసిన సబ్బు గట్టిగా ఉంటుంది. పొటాష్‌తో చేసిన సబ్బు మెత్తగా ఉంటుంది. క్రీములో ఎక్కువగా ఈ మెత్తటి రకం ఉంటుంది. నీళ్లు కూడా ఎక్కువ. చాలా వాటిలో గ్లిజరిన్ కలుపుతారు. అది తడిని పట్టి ఉంచుతుంది. బ్రష్షుతో కాసేపు తిప్పితే చక్కటి నురగ వస్తుంది. కొత్తగా నేర్చుకునే వాళ్లకు ఇది సులువు.

మూడోది, బ్రష్షు అక్కర్లేని క్రీము. ఇది నురగ రాదు. వెన్నపూసలా చేత్తో పూయాలి. జిడ్డుగా ఉంటుంది. బాగా పొడిబారిన చర్మానికి మంచిది. కానీ బ్లేడుకు అంటుకుంటుంది. మాటిమాటికీ కడగాలి.

నాలుగోది, డబ్బాలో వచ్చే నురగ. మీట నొక్కితే నురగ బయటికి వస్తుంది. పని తొందరగా అవుతుంది. కానీ అందులో గాలి ఎక్కువ. తడి తక్కువ. ధర ఎక్కువ. ఇంకో సంగతి. ఈ డబ్బాలో గ్యాసు నింపుతారు. చాలా డబ్బాల్లో అది మండే గ్యాసే. పొయ్యి దగ్గర పెట్టకూడదు. ఎండలో పెట్టకూడదు. అయిపోయినా సరే, మేకు కొట్టకూడదు, మంటలో వేయకూడదు. పేలుతుంది.

ఐదోది, జెల్లు. జిగురుగా ఉంటుంది. కొన్ని జెల్లులు రుద్దితే నురగ అవుతాయి. కొన్ని అద్దంలా ఉండిపోతాయి. ముఖం మీద పుట్టుమచ్చలు, పులిపిర్లు ఉన్నవాళ్లకు అద్దంలా ఉండేది మంచిది. ఎక్కడ గీస్తున్నామో కంటికి కనబడుతుంది.

మరి స్నానం సబ్బు? చాలా ఇళ్లలో దాంతోనే గీసుకుంటారు. అది మురికి కడగడానికి చేసింది. దాని నురగ పలచగా ఉండి త్వరగా ఆరిపోతుంది. ముఖం పొడిబారి చిటపటలాడుతుంది. వేరే దారి లేకపోతే కొంచెం కొంచెం భాగానికి పూసి, ఆరకముందే గీయాలి. బట్టల సబ్బు మాత్రం ముఖానికి అసలే వద్దు.

మా నాయనకు తాత రెండోది, ట్యూబు క్రీమే ఎంచాడు. "చలవ చేసేది వద్దు" అన్నాడు. కొన్ని క్రీముల్లో మెంథాల్ అనే పుదీనా ఘాటు ఉంటుంది. వయసు పిల్లలకు హాయిగా ఉంటుంది. చర్మం పగిలిన ముసలివాళ్లకు మంట పుట్టిస్తుంది. ఘాటైన సెంటు కూడా కొందరి ఒంటికి పడదు.

అందుకని కొత్త క్రీము ఏదైనా ముందు ముఖానికి పూయకండి. మోచేతి లోపలి వైపు బఠాణీ గింజంత రాసి, కాసేపు ఉంచి కడిగేయండి. ఒక రోజు చూడండి. ఎర్రబడకపోతే, దురద రాకపోతే అప్పుడు వాడండి. మేం అలాగే చేశాం. ఈసారి నాయన ఎడమ చేతికి రాసి, ఆయనకే చూపించాం. ఎడమ చేతికి ఎందుకు? కుడి చేతికి స్పర్శ సరిగా తెలియదు. మంట వేస్తే ఎడమ చేతికే తెలుస్తుంది.

నురగ చేయడం, పరీక్ష చేయడం

ముందు ముఖానికి గోరువెచ్చటి నీళ్లతో తడిపిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు ఉంచాలి. నీళ్ల వేడి మోచేతితో చూడండి. పసిబిడ్డకు చూసినట్టే. పక్షవాతం వచ్చిన వైపు వేడి తెలియకపోవచ్చు. కాలినా చెప్పలేరు.

బ్రష్షును నీళ్లలో నానబెట్టి, ఒకసారి విదిలించాలి. గిన్నెలో చిక్కుడు గింజంత క్రీము వేయాలి. గుండ్రంగా తిప్పాలి. గట్టిగా అనిపిస్తే నాలుగు చుక్కలు నీళ్లు. మళ్లీ తిప్పాలి. ఒకేసారి నీళ్లు గుమ్మరించకండి. గారెల పిండి రుబ్బేటప్పుడు నీళ్లు ఎలా చిలకరిస్తాం? అలాగ.

ఇప్పుడు మూడు పరీక్షలు.

మొదటి పరీక్ష కంటితో. బ్రష్షు పైకెత్తితే నురగ కొన నిలవాలి. కొన కొంచెం వంగాలి. కారిపోతే నీళ్లు ఎక్కువ. సున్నం ముద్దలా బిర్రుగా ఉంటే నీళ్లు తక్కువ.

రెండో పరీక్ష వేళ్లతో. బొటనవేలు, చూపుడు వేలు మధ్య నురగ పెట్టి రుద్దాలి. జర్రున జారాలి. పట్టినట్టు ఉంటే బ్లేడు కూడా పట్టేస్తుంది.

మూడో పరీక్ష లెక్కతో. మీ మణికట్టు మీద కాస్త నురగ పెట్టి వంద దాకా లెక్కపెట్టండి. మెరుస్తూ అలాగే ఉంటే మంచిది. బుడగలు పగిలి, అంచులు ఆరిపోతే ఇంకా తిప్పాలి. లేదా ఇంకాస్త క్రీము కలపాలి.

అమ్మ ఈ మూడో పరీక్ష చేస్తూ మొదటిసారి వంద దాకా తప్పు లేకుండా లెక్కపెట్టింది. అప్పటికి ఈ కేంద్రానికి రావడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు.

నీళ్ల సంగతి

ఎంత తిప్పినా నురగ రాకపోతే క్రీమును తిట్టకండి. నీళ్లను చూడండి. కొన్ని బోర్ల నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. కందిపప్పు తొందరగా ఉడకదు. సబ్బు రుద్దితే నురగ రాక తెల్లటి తెట్టు కడుతుంది. ఆ నీళ్లతో గడ్డం నురగ కూడా రాదు.

దీనికి ఉపాయం ఉంది. గడ్డానికి కావలసింది ఒక గ్లాసు నీళ్లే. తాగే మంచినీళ్లు ఒక గ్లాసు తీసుకోండి. వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది. బోరు నీళ్లే గతి అయితే మరగబెట్టి, చల్లార్చి, పైన తేరిన నీళ్లు వాడండి. కొంత గుణం కనబడుతుంది.

గీసేటప్పుడు

మంచంలో ఉన్నవాళ్లను వెల్లకిలా పడుకోబెట్టి గీయకండి. నురగ నోట్లోకి, ముక్కులోకి పోతుంది. వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. మెడ చుట్టూ తువ్వాలు చుట్టండి.

ఒక చేత్తో చర్మాన్ని మెల్లగా సాగదీయాలి. బుగ్గ ముడత అప్పుడు సమంగా అవుతుంది. వెంట్రుక ఎటు వాలి ఉందో అటే గీయాలి. వేలితో తడిమితే తెలుస్తుంది. నున్నగా తగిలితే అదే వాలు. గరుకుగా తగిలితే ఎదురు. మెడ మీద వాలు రకరకాలుగా ఉంటుంది. చూసుకోవాలి.

బ్లేడును నొక్కకండి. దాని బరువే చాలు. చిన్న చిన్నగా గీసి, ప్రతిసారీ నీళ్లలో ఆడించండి. నురగ లేని చోట రెండోసారి గీయకండి. మళ్లీ నురగ పూసి గీయండి.

అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తువ్వాలుతో అద్దండి. రుద్దకండి. చిన్న గాటు పడితే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టండి. పటిక రుద్దినా చిన్న రక్తం ఆగుతుంది. కానీ పటిక రోగాలను ఆపదు. ఒకరు రుద్దుకున్న పటిక ఇంకొకరు వాడకూడదు.

గుండెజబ్బుకు, పక్షవాతానికి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తారు. అవి వేసుకునే వాళ్లకు గాటు పడితే రక్తం తొందరగా ఆగదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు గాయం తొందరగా మానదు. అలాంటి వాళ్లకు బ్లేడు వాడవచ్చా అని ముందు డాక్టరును అడగండి. కరెంటు మిషను వాడమని చెప్పవచ్చు. మేం కూడా డాక్టరుగారిని అడిగాకే బ్లేడు పట్టాం.

ఒకరి బ్లేడు ఒకరికి వద్దు

పాత రోజుల్లో గడ్డం గీసేది మడత కత్తితో. అది చేయి తిరిగిన వాళ్ల పని. 1904లో అమెరికాలో కింగ్ జిలెట్ అనే ఆయన బ్లేడు మార్చుకునే రేజరుకు పేటెంటు పొందాడు. తర్వాత తర్వాత గడ్డం గీసుకోవడం ఇంట్లో పని అయింది. బ్లేడు చౌక అయింది. అయినా మనం ఒక్క బ్లేడును ఇంటిల్లిపాదీ వాడుతుంటాం. ఇది ప్రమాదం.

కంటికి కనబడని రక్తపు చుక్క చాలు. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి అనే కామెర్ల రోగాలు, ఎయిడ్స్ తెచ్చే హెచ్.ఐ.వి. ఇలా ఒకరినుంచి ఒకరికి పాకే వీలుంది. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతకగలదు. దానికి టీకా ఉంది. పుట్టిన బిడ్డకు 24 గంటల లోపల మొదటి టీకా వేయించాలి. హెపటైటిస్-సి కి, హెచ్.ఐ.వి.కి టీకా లేదు.

అందుకని నాయన బ్లేడు నాయనకే. అన్న బ్లేడు అన్నకే. అక్కలారా, మీ ఆయన రేజరు మీరు కూడా తీసుకోవద్దు. సెలూనుకు వెళ్లే మగవాళ్లకు చెప్పండి. కొత్త బ్లేడు తమ కళ్ల ముందు విప్పి వేయమని అడగాలి. అడగడంలో తప్పు లేదు.

వాడిన బ్లేడు పెంటలో పారేయకండి. గొడ్లు తింటాయి. చెత్త ఏరే వాళ్ల చేతులు కోసుకుంటాయి. మూత ఉన్న రేకు డబ్బాకు చిన్న చీలిక చేసి అందులో వేయండి. నిండాక అది చెత్త తీసుకెళ్లే వాళ్లకు చెప్పి విడిగా ఇవ్వండి.

చదివి కొందాం, లెక్కవేసి కొందాం

ఇప్పుడు అసలు మాట. అంగట్లో ట్యూబులన్నీ ఒకేలా ఉంటాయి. పళ్ల పేస్టు ట్యూబే. గడ్డం క్రీము ట్యూబే. వెంట్రుకలు కరిగించేదీ ట్యూబే. రంగు చూసి, బొమ్మ చూసి కొంటే మోసపోతాం.

ట్యూబు మీద ఇంగ్లీషులో "షేవింగ్" అనే మాట ఉండాలి. అది ఎస్, హెచ్, ఏ, వి అనే నాలుగు అక్షరాలతో మొదలవుతుంది. బోర్డు మీద రాస్తాను. మీ పలకల మీద దించుకోండి. ఇంగ్లీషంతా రాకపోయినా ఈ నాలుగు అక్షరాలు గుర్తుపట్టవచ్చు. "హెయిర్ రిమూవల్" అని ఉంటే అది వెంట్రుకలు కరిగించేది. గడ్డానికి వద్దు.

పొరపాటున అలాంటిది ముఖానికి తగిలితే వెంటనే తుడిచేసి, చల్లటి నీళ్లతో చాలాసేపు కడగండి. బొబ్బలు వస్తే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ట్యూబు కూడా పట్టుకెళ్లండి.

ఇంకా ఏం చూడాలి? ఎం.ఆర్.పి. అంటే గరిష్ఠ ధర. అన్ని పన్నులూ అందులోనే కలిసి ఉంటాయి. అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వనక్కర్లేదు. బరువు ఎన్ని గ్రాములు? తయారైన నెల, సంవత్సరం ఏవి? ఎప్పటిలోగా వాడాలి? ఇవన్నీ చూడండి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు.

ఒక లెక్క చేద్దాం. చిన్న ట్యూబు 30 గ్రాములు, ధర 45 రూపాయలు అనుకోండి. పెద్ద ట్యూబు 70 గ్రాములు, ధర 84 రూపాయలు అనుకోండి. ఏది చౌక?

45ని 30తో భాగించండి. గ్రాము రూపాయిన్నర. 84ని 70తో భాగించండి. గ్రాము రూపాయి ఇరవై పైసలు. పెద్దదే చౌక.

చిక్కుడు గింజంత క్రీము సుమారు ఒక గ్రాము. వారానికి రెండుసార్లు గీస్తే పెద్ద ట్యూబు 35 వారాలు వస్తుంది. అంటే ఎనిమిది నెలలు. ఒక్కసారికి రూపాయి పావలా లోపే. డబ్బాలో నురగ కొంటే ఒక్కసారికి ఎంత పడుతుందో ఇంటికి పోయి మీరే లెక్కవేయండి.

చివరి మాట

ఆ రోజు తాత దగ్గరుండి చెప్తుంటే అమ్మ నురగ చేసింది. నాయన తెల్లటి నురగ చూసి ముఖం తిప్పుకున్నాడు. అమ్మ బలవంతం చేయలేదు. ముందు తన బుగ్గకు రాసుకుంది. "చూడు, మంట లేదు" అంది. తర్వాత నాయన ఎడమ చేతి వేలితో నురగను తాకించింది. నాయన వేళ్ల మధ్య రుద్ది చూశాడు. కాసేపటికి తనే ముఖం ఇటు తిప్పాడు.

ఎడమ చేయి ఎత్తితే గీయడం ఆపాలి అని ముందే చెప్పుకున్నాం. అమ్మ మధ్యలో రెండుసార్లు ఆపింది. ఆ చేయిని ఎవరూ పట్టుకోలేదు.

అంతా అయ్యాక నాయన ఎడమ చేత్తో బుగ్గ తడుముకున్నాడు. మళ్లీ మళ్లీ తడుముకున్నాడు. ఆ సాయంత్రం పక్కింటి పెదనాయన చూడటానికి వస్తే దుప్పటి లాక్కోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం ఉంది. కొత్త ట్యూబు ఏది తెచ్చినా అమ్మ ముందు నన్ను కూర్చోబెడుతుంది. "ప్రతి అక్షరం చదువు" అంటుంది. నేను చదివేదాకా మూత తీయదు. మొన్న నేను తొందరలో ట్యూబు తెచ్చి ఇచ్చాను. అమ్మ ఆ నాలుగు అక్షరాలూ వేలు పెట్టి వెతికింది. "ఉన్నాయిలే. మిగతాది చదువు" అంది.

అక్కలారా, చదువు వస్తే సరిపోదు. వాడాలి. చెప్పుకోలేని మనిషి ముఖం మన చేతుల్లో ఉన్నప్పుడు మరీ వాడాలి.



మాట్లాడుకుందాం

1. నాయన ఎడమ చేయి ఎందుకు ఎత్తాడు? కూతురు ఏమనుకుంది?
2. మంచి నురగ ఎలా ఉండాలి? మూడు పరీక్షలు చెప్పండి.
3. మీ ఊరి నీళ్లతో నురగ బాగా వస్తుందా? ఇంట్లో చేసి చూడండి.
4. మీ ఇంట్లో ఒకే బ్లేడు ఎంతమంది వాడుతున్నారు?
5. వచ్చే తరగతికి మీ ఇంట్లో ఉన్న ఒక ట్యూబు తీసుకురండి. దాని మీద ధర, బరువు, తయారైన నెల వెతికి చదవండి.